అహ్మదాబాద్‌కీ గువాహటికీ మధ్య పొందూరు

అక్కాచెల్లెళ్లు కలుసుకోవడానికి ఊరు వెతుక్కోవాల్సి వచ్చిందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మేం వెతికాం, నెల రోజులు. మాది తెనాలి వైపు. అక్క కాపురం గువాహటిలో, నాది అహ్మదాబాద్‌లో. నాలుగేళ్ల క్రితం అక్క కూతురు జాహ్నవి పెళ్లిలో మూడో బంతికి పులిహోర అయిపోయింది. నా నోరు ఊరుకుంటేగా! మగపెళ్లివారు వింటుండగానే "మా అక్క లెక్క ఎప్పుడూ తక్కువే" అన్నాను. అక్క ముఖం కందగడ్డలా అయింది. పక్కనే ఉన్న పెళ్లికూతురి నెత్తిన చెయ్యి పెట్టి "జాను మీద ఒట్టు, ఇక నీ గడప తొక్కను" అంది. నేనేమైనా తక్కువ తిన్నానా? అదే తల మీద చెయ్యేసి "నీ గడప నేనూ తొక్కను" అన్నాను. ఆ పిల్ల జుట్టులోని తలంబ్రాల బియ్యం నా అరచేతికి గుచ్చుకోవడం ఇప్పటికీ గుర్తే.

2016 జనవరిలో జాను ఫోన్ చేసింది. ఏడో నెల, పురిటికి అమ్మ దగ్గరికి వచ్చేసింది. "పిన్నీ, మార్చిలో నువ్వు ఇక్కడ ఉండాలి. మీ ఇద్దరూ పక్కన ఉంటేనే నాకు ధైర్యం" అంది. వెళ్లాలని నా ప్రాణం కొట్టుకుంది. కానీ ఒట్టు వేసింది ఆ పిల్ల తల మీదే. కడుపుతో ఉన్న పిల్ల మీది ఒట్టు తప్పాలంటే నాకూ భయమే, అక్కకూ భయమే. చదువుకున్నవాళ్లమే, అయినా భయమే. చివరికి జానూయే, "మీ ఇంట్లో వద్దు, మా ఇంట్లో వద్దు. ముందు ఎక్కడో ఒకచోట కలిసి మాట్లాడుకోండి" అని తీర్పు చెప్పింది.

ఎక్కడ కలవాలన్నది మరో యుద్ధం. హైదరాబాద్ అన్నాను. అక్కడ బంధువులు ఎక్కువ, తలా ఒక పక్షం చేరి తగువు పెంచుతారు అంది అక్క. కలకత్తా అంది. నీకు ఒక్క విమానం, నాకు రెండా అన్నాను. ఎవరు ఎక్కువ దూరం వస్తే వాళ్లు దిగివచ్చినట్టని ఇద్దరి లోపలా ఉన్న లెక్క. మా ఆయన విసుగెత్తి కాగితం తీసి గంటలు కూడి చూపించారు. విశాఖపట్నమైతే నాకు హైదరాబాద్ మీదుగా రెండు విమానాలు, అక్కకు కలకత్తా మీదుగా రెండు. నేను దిగేది పదీ పదికి, తను దిగేది పదీ నలభైకి. టికెట్ ధరల్లో కూడా మూడు నాలుగు వందలే తేడా. ఇక విశాఖ నుంచి ఎటు? ఉత్తరంగా వెళ్తే మాకు చుట్టాలు లేరు, పాత గొడవలు లేవు, ఇద్దరికీ కొత్త నేల. అక్కకు ఖద్దరు చీరలంటే ప్రాణం కాబట్టి శ్రీకాకుళం జిల్లా పొందూరు అనుకున్నాం. కారు రోజుకు మూడు వేల అయిదు వందలకు కుదిరింది. డ్రైవరు పేరు అప్పలనాయుడు.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి. ముందు దిగింది నేను. బయటికి వెళ్లి నిలబడితే అక్క కోసం కాచుకున్నట్టు ఉంటుందని లోపలే ఒక స్తంభం వెనక కుర్చీలో కూర్చున్నాను. పదకొండయింది, పదకొండుంబావు అయింది. అక్క రాలేదు. రాకూడదని ఆఖరి నిమిషంలో అనుకుందేమో! లేచి బయటికి నడుస్తుంటే పక్క స్తంభం వెనక నుంచి పెట్టె లాక్కుంటూ అక్క వచ్చింది. తనూ దిగి అరగంటయింది. తనూ అదే పని చేసింది. బయట అప్పలనాయుడు ఇద్దరి పేర్లూ ఒకే అట్ట మీద రాసి పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

"ఏటండీ ఇది! గంటబట్టి నిలబడున్నాను. ఇద్దరూ లోపలే ఉండి ఒక్కులూ రాకపోతే నానేటి అనుకోవాల?" అన్నాడు.

అక్క నన్ను ఎగాదిగా చూసి "నల్లబడ్డావు" అంది. నాలుగేళ్ల తర్వాత మొదటి మాట అదీ.

హైవే మీద తగరపువలస దాటాక ఎడమ పక్క కొండలు, కుడి పక్క జీడితోటలు, మధ్యలో కొబ్బరిబొండాల బళ్లు. రోడ్డు బాగుంది. మేం మాత్రం చెరో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. ఒంటిగంటకు రణస్థలంలో ఒక చిన్న మెస్సు దగ్గర ఆపించాం. తొంభై రూపాయలకు భోజనం: నువ్వుపప్పు వేసిన పులుసు, ఆవ పెట్టిన అరటికాయ, ఆ రోజు శుక్రవారమని పులిహోర. పులిహోర చూసి ఇద్దరం దాన్ని ఆకు అంచుకు జరిపాం. "ఇంకొంచెం పెట్టించుకో, మళ్లీ తక్కువయిందంటావు" అంది అక్క. వడ్డించే ఆవిడకు ఏం అర్థమైందో, "సాలకపోతే అడగండమ్మా, ఇంకా గంగాళంలో ఉన్నాది" అని నా ఆకులో రెండు గరిటెలు దిమ్మరించింది. అంతా తిన్నాను. అదే నా శిక్ష అనుకున్నాను.

చిలకపాలెం దగ్గర హైవే వదిలి ఎడమకు తిరిగితే అరగంట లోపే పొందూరు. అప్పలనాయుడు తనకు తెలిసిన సూరమ్మ గారింటికి తీసుకెళ్లాడు. డెబ్భై దాటిన మనిషి. కాళ్లు చాపుకుని చేప దవడతో దూది దువ్వుతోంది. "వాలుగ సేప దవడమ్మా ఇది. సూడు, ఎంత సన్న పళ్లో! దీంతో దువ్వితే ముక్కా నలకా ఉండదు. ఏ మిషనూ సెయ్యలేదు" అంది. చేపలు పట్టేవారి దగ్గర నుంచి వచ్చిన ఎముక పత్తిని అంత మెత్తగా చేస్తుందని కళ్లారా చూస్తే గానీ నమ్మలేం. మేం ఇద్దరం మాత్రం వాకిట్లోనే నిలబడ్డాం. ముందు ఎవరు లోపలికి వెళ్లాలో తేలలేదు.

"ఏటమ్మా, అక్కడే ఉండిపోనారు?" అంది సూరమ్మ గారు. కారులో మా ముక్తసరి మాటల్లోంచే కథంతా ఏరుకున్న అప్పలనాయుడు, మేం ఆపేలోపే పెళ్లిలో నేనన్న మాటా, ఒట్టు సంగతీ చెప్పేశాడు.

ఆవిడ దువ్వడం ఆపింది. "ఎవుల తల మీద ఏసినారు?"

"మా అమ్మాయి మీద" అంది అక్క. "ఇప్పుడు కడుపుతో ఉంది."

"మరింకేటి? ఎవుల మీద ఏస్తే ఆళ్లే తియ్యాల. మీరిద్దరూ ఎన్ని గుళ్లు తిరిగినా పోదు. ఫోనున్నాదా? సెయ్యండి."

ఇంత చిన్న సంగతి మా ఇద్దరికీ నాలుగేళ్లలో తట్టలేదు. అక్క ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. "ఇంతేనా? ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. ఇద్దరిదీ" అని జాను పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నాకూ కళ్లు మసకబారాయి.

ఫోన్ పెట్టేశాక సూరమ్మ గారు నా వైపు చూసి "ఒట్టు పోనాది. మరి నువ్వన్న మాటో?" అంది.

నలుగురిలో అన్న మాట నలుగురిలోనే తీసుకోవాలి. "తప్పు నాదే అక్కా. ఆ రోజు నీ లెక్క తక్కువ కాదు, నా బుద్ధి తక్కువ" అన్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

అక్క చీర కొనుక్కుంది. పుట్టబోయే బిడ్డకు ఏమీ కొనకూడదు కదా, ముందుగా కొత్తబట్ట తేకపోవడం మా ఇళ్లలోనూ ఉన్న ఆనవాయితీయే. అక్క ఆ మాట అంటే విని సూరమ్మ గారు పెట్టెలోంచి ఉతికి మడతపెట్టిన తన పాత ఖద్దరు చీర తీసింది. "నా మనవలు నలుగురూ దీన్లోనే పొర్లినారు. సల్లగా ఉంటాది, పట్టికెళ్లండి" అంది. డబ్బివ్వబోతే కోప్పడింది. మరి ఎవరు తీసుకెళ్లాలి? నేను అక్క చేతిలో పెట్టాను. గువాహటి వెళ్లేది తనే కదా అని.

సాయంత్రం కళింగపట్నం ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్ల పక్కన కూర్చుని చిన్నప్పటి కబుర్లు చెప్పుకున్నాం. శ్రీకాకుళంలో లాడ్జి గది పన్నెండు వందలు. మర్నాడు తెల్లారగానే బయలుదేరి విశాఖ వచ్చేశాం. విమానాశ్రయంలో అక్క తన పెట్టె తెరిచి, సూరమ్మ గారి చీర తీసి నా సంచిలో కుక్కి జిప్పు లాగేసింది. "నువ్వే పట్టుకురా" అంది.

దూరాలు సమానం చేస్తే మనసులు సమానమవుతాయని నెల రోజులు లెక్కలు వేశాం. ఆ లెక్కల వల్ల ఒరిగిందేమీ లేదు గానీ, అవి లేకపోతే అసలు ఇల్లు కదిలేవాళ్లమే కాదు. ఎవరిదీ కాని ఊరు మంచిది. అక్కడ గెలవాలనిపించదు. మీరూ ఇలా రెండు దూరపు ఊళ్ల నుంచి వచ్చి కలుసుకోవాలనుకుంటే ఒక్క సలహా: విమానాలు అరగంట తేడాతో దిగేలా చూసుకోండి, కారు ఒక్కటే మాట్లాడుకోండి, ముందు దిగినవాళ్లు బయటికొచ్చి కనబడేలా నిలబడండి. నేను గువాహటికి టికెట్ తీసుకుని అక్కకు ఫోన్ చేశాను. "ఎన్నింటికి దిగుతావు?" అంది. రెండూ ఇరవైకి అన్నాను. "అయితే ఒంటిగంటకే వచ్చి నిలబడతాను" అంది.