టోపీ కింద తల

పుంగనూరు నుంచి వదిన ఫోన్ చేసినప్పుడు నేను కొట్లో ఒకామెకు జాకెట్టు గుడ్డకు సరిపోయే దారం వెతుకుతున్నాను. "పాపా, అమ్మ పోయింది" అనింది వదిన. తలస్నానం చేసి, వసారాలో కుర్చీ వేసుకుని జుట్టు ఆరబెట్టుకుంటా కూర్చుందంట. వదిన కాఫీ కలుపుకొని వచ్చేసరికి తల ఒక పక్కకు వాలిపోయి ఉందంట. నిద్రపోయిందేమో అనుకొని కాఫీ మీద మూత పెట్టిందంట వదిన.

మదనపల్లెలో బస్టాండు దగ్గర మాది కుట్టుసామాన్ల కొట్టు. పోయినామె మా మేనత్త, మా నాయన అక్క; వదిన ఆమె కూతురు. పుంగనూరులో వాళ్ల వీధి వాళ్లనడిగితే జాకెట్లు బాగా కుట్టేది అని చెప్తారు. అది నిజమే. కానీ బెంగుళూరులోనూ, ఇంకా దూరపు ఊర్లలోనూ మా అత్తను ఎప్పుడూ చూడని కొంతమంది ఆమెను వేరే పని వల్ల ఎరుగుదురు. మిలిటరీ బొమ్మలకు ఆమె టోపీలు చేసేది.

పిల్లలు ఆడుకునే బొమ్మలు కావు ఇవి. అరచేతి పొడవు సిపాయి బొమ్మలు. పెద్దవాళ్లే తెప్పించుకుని, రంగులేసి, బీరువాల్లో నిలబెట్టుకుంటారు. బటన్లు, బూట్ల లేసులు, నడుం పట్టీ, అన్నీ అసలు మనిషికి ఉన్నట్టే ఉండాలి. అయితే అంగట్లో దొరికే బొమ్మకు ఒక రకం టోపీయే ఉంటుంది. తమకు కావలసిన పటాలం టోపీ వేరే ఉంటే దాన్ని ఎవరో ఒకరు చేతితో చేయాల్సిందే. ఆ చేసేది మా అత్త.

మొదట చేసింది మామ. మిలిటరీలో ఉన్నప్పుడు ఒక ఆఫీసరు దగ్గర ఈ పిచ్చి పట్టుకుందంట ఆయనకు. రిటైరై పుంగనూరు వచ్చినాక, వీధి వైపు గదిలో కిటికీ కింద బల్ల వేసుకుని కూర్చున్నాడు. తోటివాళ్లంతా సెక్యూరిటీ ఉద్యోగాలకు పోతే మామ టోపీల దగ్గర ఉండిపోయినాడు. నీళ్ల పైపులు కారితే పూస్తారే, రెండు ముద్దలు కలిపి పిసికే పుట్టీ, దాంతో టోపీ ఆకారం తీసేవాడు. తలపాగా అయితే పల్చటి కాగితం గమ్ము నీళ్లలో ముంచి, పీలికలుగా చుట్టేవాడు. టోపీ మీద బిళ్లకు టూత్‌పేస్టు ట్యూబు రేకు.

కొన్నేళ్లకు ఆయన చేతులు వణకడం మొదలైంది. ఒక రోజు సూది మొనతో టోపీకి మడతలు గీస్తా ఉంటే సూది జారి బొమ్మ ముఖం మీద గీత పడింది. మామ బొమ్మను పక్కన పెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడంట. అత్త మిషన్ మీద నుంచి లేచి వచ్చి, "నువ్వు చెప్పు, నేను చేస్తా" అనింది. అట్లా మొదలైంది ఆమె పని.

నేను పోయినప్పుడల్లా వాళ్లిద్దరూ కిటికీ కింద కూర్చుని ఒకటే వాదులాట.

"మడత ఆ పక్క కాదే. కుడి పక్కకు వాలల్ల. బిళ్ల ఎడమ కన్ను మీద ఉండాది, సూడు."

"సూస్తానే ఉండా. నీ నీడ పడతాండాది, పక్కకు జరుగు."

"బరువు కనపడాల. గుడ్డ మాదిరి పడాల, అట్ల పెంకు మాదిరి నిలబడగూడదు."

"నలభై ఏండ్లుగా గుడ్డతోనే గదా నేనుండేది. నాకు చెప్తావా?"

గుడ్డ ఎట్లా పడుతుందో అత్తకు చేతుల్లోనే ఉంది. అందుకే ఏమో, కొన్నాళ్లకే ఆమె టోపీలు మామ టోపీల కంటే బాగుండేవి. ఆ మాట మామే టోపీలు చేయించుకునే బెంగుళూరు వాళ్లతో అనేవాడు, అత్త వంటింట్లో ఉన్నప్పుడు మాత్రం. సూదిని కొప్పులో గుచ్చుకునేది ఆమె. పని చేసేటప్పుడు ఫ్యాను వేయనిచ్చేది కాదు. చేతిలోని సిపాయితో, "కదలొద్దప్పా, అయిపాయె" అని మాట్లాడేది. టోపీ అయినాక బొమ్మను కిటికీలో పెట్టి, తలవాకిలి దాకా పోయి అక్కడి నుంచి చూసేది. "దగ్గర్నుంచి టోపీ బాగుంటాది. దూరం నుంచి మనిషి బాగుండల్ల" అనేది.

ఈ పనిలో ఒక సంగతి ఉంది. బొమ్మ తలకు జుట్టుతో సహా నెత్తి గుండ్రంగా ఉంటుంది. దాని మీదే టోపీ పెడితే బోర్లించిన సట్టి మాదిరి ఎత్తుగా కనిపిస్తుంది. అందుకని ముందు నెత్తిని సన్నటి రంపంతో అడ్డంగా కోసేస్తారు. చెవుల పైన తల చదునుగా అయిపోతుంది. అప్పుడు టోపీ కూర్చుంటుంది. ఆ పని చేసేవాళ్లంతా చేసేదే అది. మొదట్లో అత్తకు కోయడానికి చేయి వచ్చేది కాదంట. తరువాత కూరగాయలు తరిగినట్టే కోసేది. "టోపీ కింద ఎవురు సూస్తారులే" అనేది.

మామ మంచం పట్టినాక ఆయన అడిగింది ఒకటే బొమ్మ. మిలిటరీలో ఆయనకు ఒక స్నేహితుడుండేవాడు, కుప్పం ఆయన. ఇద్దరూ ఒకే బండిలో రిక్రూట్‌మెంటుకు పోయినారు, పక్కపక్క మంచాల్లో పడుకున్నారు. కొండల్లో ఒక వానాకాలం ఆయన ఎక్కిన లారీ లోయలో పడిపోయింది. మామ వెనక లారీలో ఉన్నాడు. అంతా కళ్లతో చూసినాడు. సెలవు దొరికినప్పుడల్లా కుప్పం పోయి ఆయన అమ్మను చూసి రావాలనుకునేవాడంట. పుంగనూరు నుంచి కుప్పం ఎంత దూరం? పలమనేరులో బస్సు మారితే సరిపాయె. కానీ పోలేదు. "ఆయమ్మ నన్ను చూసి, నా పక్కన ఇంకొకడు వస్తాండాడేమో అని వాకిలి తట్టు సూస్తాదే" అన్నాడంట అత్తతో. ఏండ్లు గడిచిపోయినాయి. ఆ అమ్మ పోయిందనీ, చెల్లెలు ఒకామె ఉందనీ ఎవరో చెప్పినారు. అప్పుడూ పోలేదు.

మామ చెప్తా ఉంటే, పాత గ్రూపు ఫోటో ముందు పెట్టుకొని అత్త ఆ బొమ్మ చేసింది. ముఖం కూడా ఆమే దిద్దింది. మిలిటరీవాళ్లు పెట్టుకునే, పక్కకు వాలిన మెత్తటి బెరె టోపీ, ఎడమ కన్ను మీద బిళ్ల. మామ దాన్ని చూసి, "ఆ, వీడే" అన్నాడు. కుప్పం పోయి ఇచ్చి రావల్ల అన్నాడు. ఆ నెలలోనే పోయినాడు.

ఏడాది తిరిగినాక అత్త నాకు ఫోన్ చేసింది. "పాపా, కుప్పం పోదాం, తోడు రా. ఆయన పోలేకపాయె, నేనన్నా పోవల్ల గదా" అనింది.

ఆ చెల్లెలికి డెబ్బై దాటి ఉంటాయి. ఇల్లు వెతుక్కుని పోయి, ఎవరమో చెప్పగానే మా అత్త చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. "మీ ఆయప్ప పేరు మా అన్న ప్రతి ఉత్తరంలో రాస్తా ఉండె. ఒక్కసారన్నా వస్తాడేమో అని మా యమ్మ సూసి సూసి పోయింది" అనింది. కోపంగా అనలేదు. అందుకే అత్త ఇంకా తలెత్తలేకపోయింది.

అత్త పెట్టె తెరిచి బొమ్మను చేతిలో పెట్టింది. ఆయమ్మ దాన్ని వాకిట్లో వెలుతురుకు తీసుకుపోయింది. చాలాసేపు చూసింది.

"మా అన్నే. ముక్కు మా నాయన ముక్కు" అనింది. తరువాత బొటనవేలితో టోపీ అంచు మెల్లగా తాకి, "అక్కా, ఇది ఊడి వస్తాదా?" అని అడిగింది.

"యాలమ్మా?"

"తల సూద్దామని. మా అన్నకు రింగుల జుట్టు. మా యమ్మ ఆముదం పెట్టి దువ్వితే దువ్వెన పండ్లు ఇరిగేవి. మిలిటరీలో అంతా కత్తిరించేసినారు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు అది చూసి మా యమ్మ ఏడ్సింది. ఉండే ఫోటోలన్నీ టోపీతోనే. జుట్టుండే ఫోటో ఒకటీ లేదు."

నేను అత్త వైపు చూసినాను. అత్త పెట్టెలోని దూదిని సర్దుతా ఉంది.

"గమ్ము పట్టేసిందమ్మా. తీస్తే బొమ్మ ఇరిగిపోతాది" అనింది.

"పోనీలే అక్కా. ఇంతన్నా తెచ్చినారు" అని ఆయమ్మ బొమ్మను దేవుని గూట్లో పెట్టింది. మాకు అన్నం పెట్టింది. ఎప్పుడైనా మాట్లాడాలంటే అని ఫోన్ నంబరు ఇచ్చింది.

పలమనేరులో బస్సు మారి కూర్చున్నాక అత్త, "ఆయమ్మ తల అడిగింది. నేను తల కోసేసి టోపీ పెట్టినా" అనింది.

"అందరూ అట్లనే చేస్తారు గదత్తా."

"చేస్తారు. అడిగేవాళ్లు ఉండరు."

తరువాతి వారమే నాకు ఫోన్ వచ్చింది, పురి లేని నల్ల పట్టుదారం పంపమని. టోపీ లేని తల చేస్తానంది. టోపీలు తప్ప ఎప్పుడూ జుట్టు చేసిన మనిషి కాదు. దారాన్ని గమ్ములో తడిపి, సన్నటి సూదికి చుట్టి, ఆరినాక లాగేసేది. అప్పుడు రింగు వచ్చేది. ఆ రింగుల్ని ఒక్కొక్కటే నెత్తి మీద అతికించేది. మొదటిది నాటకంలో పెట్టుకునే విగ్గు మాదిరి ఉందని పీకేసింది. రెండోది పుట్టీతో చేసి, కందిపప్పు అంటించినట్టుందని అదీ పారేసింది. ఈలోపల కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్ చేయించుకో అని వదిన పోరేది. "తల అయిపోనీ" అనేది అత్త.

నేను పోయినప్పుడు ఒకసారి అడిగింది. "రింగులు నుదుటి మీదకు పడేవా, ఎనక్కి పోయేవా? నీకేమనిపిస్తాది?"

"నాకేం తెలుసత్తా. నంబరుండాది గదా, ఫోన్ చేసి అడుగుదాం."

అత్త తల అడ్డంగా ఊపింది. "అడిగితే, ఆ టోపీ కింద ఏముండాదో చెప్పల్ల గదా. అబద్ధం చెప్పినానని తెలుస్తాది. ఇది పూర్తయినాక తీసుకోని పోయి, అప్పుడు చెప్తాలే."

ఆమె దేనికీ భయపడే మనిషి కాదు. జాకెట్టు పాడైతే గిరాకీ ఇంటికి తానే పోయి చెప్పేది. ఈ ఒక్క మాట మాత్రం గొంతులో ఉండిపోయింది. మామ పోకుండా ఉండిపోయినట్టే ఆమె చెప్పకుండా ఉండిపోయింది. రెండూ ఎంత చిన్న పనులు! ఒక బస్సు ఎక్కడం, ఒక ఫోన్ చేయడం. అవతల మనిషి మనల్ని ఏమంటుందో అనుకుంటానే మంచివాళ్లకు కాలం అయిపోతుంది. అత్తను తలుచుకుంటే నాకు మొదట వచ్చేది ఏడుపు కాదు, ఈ బాధ.

అత్త పోయిందని నేనే కుప్పానికి ఫోన్ చేసినాను. దినాలకు ఆయమ్మ వచ్చింది, ఆ వయసులో రెండు బస్సులు మారి, ఒక్కతే. భోజనాలైనాక, "అక్క యాడ కూసోని చేస్తా ఉండె?" అని అడిగింది. కిటికీ గదికి తీసుకుపోయినాను.

బల్ల మీద స్టీలు తట్టలో తలలు అట్లనే ఉన్నాయి. బెంగుళూరు వాళ్లకు చేయాల్సినవి. అన్నీ చెవుల పైన చదునుగా కోసినవి. టోపీలు విడిగా ఇంకో పక్కన ఆరబెట్టి ఉన్నాయి. ఆయమ్మ ఒక తలను చేతిలోకి తీసుకుని, కోసిన చోట వేలు పెట్టి చూసింది.

"టోపీ పెట్టేవాళ్లందరికీ ఇంతేనా?"

"అవునమ్మా. లేకపోతే టోపీ కూర్చోదు."

ఆయమ్మ ఆ తలను తిరిగి తట్టలో పెట్టింది. "దీనికా అక్క ఆ పొద్దు అట్లయిపోయింది? అన్నం కూడా సరిగ్గా తినలేదు. చెప్పుంటే నేనేమనేదాన్ని?" అనింది. "ఏమనేదాన్ని చెప్పు?" అని మళ్లీ నన్నే అడిగింది.

నేను సొరుగు లాగి, అత్త చివర చేస్తా ఉన్న తలను, ఆయమ్మ కోసమేనని చెప్పి ఇచ్చినాను. ఎడమ పక్కంతా నల్లటి రింగులు. కుడి పక్క, నుదుటి వైపు బోడిగా ఉంది. ఆయమ్మ కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. ముఖం మారిపోయింది.

"చెవి కాడ ఇట్లనే ఉండె" అనింది. "ముందర ఒకటి ఎప్పుడూ నుదుటి మీదకు పడేది. తింటాండా, రాస్తాండా, ఎగదోస్తానే ఉండేవాడు."

అత్తకు కావలసింది ఆ ఒక్క మాటే. వినడానికి ఆమె లేదు.

"మిగిలింది చేసేవాళ్లు ఎవరూ లేరమ్మా" అన్నాను.

"వొద్దులే పాపా. అక్క చేసిందే చాలు. ఇంతే ఇయ్యి" అనింది.

సాయంత్రం ఆయమ్మను పలమనేరు బస్సు ఎక్కించడానికి పోయినాను. కిటికీ పక్కన సీటు దొరికింది. నేను కింద నిలబడి జాగ్రత్తలు చెప్తా ఉన్నాను కానీ ఆయమ్మ వింటున్నట్టు లేదు. కొంగు ముడి విప్పి ఆ తలను బయటికి తీసి, రెండు వేళ్ల మధ్య పట్టుకొని ఉంది. బస్సు కదిలింది. ఆ బోడి నుదుటి మీద లేని వెంట్రుకను ఆయమ్మ గోటితో మెల్లగా పైకి తోస్తా ఉంది.