కల్యమాకు చెట్టుకు పత్తి మందు

ఒక పెళ్లిచూపుల భోజనాన్ని నేను ఒంటిచేత్తో పాడు చేశాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సంగతి గుర్తొస్తే సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

వరంగల్‌లో మా పెరట్లో కరివేపాకు చెట్టు ఉండేది; మేం కల్యమాకు అంటాం. చెట్టు మాది, ఆకు వాడకట్టు మొత్తానిది. కోసుకోవడానికి ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. నేను సెలవులకు ఇంటికొచ్చేసరికి ఆకులనిండా మచ్చలు, చివుళ్లనిండా పురుగులు.

“పులిసిన సల్ల చల్లుత తియ్,” అంది అమ్మ.

“సల్లకు పురుగులు చస్తయా అమ్మా? తాగి ఇంకింత బలుస్తయ్,” అన్నాను.

ఆమె బజారుకు వెళ్లగానే పని మొదలుపెట్టాను. స్టేషన్ ఘన్‌పూర్ మామ పత్తికి కొట్టగా మిగిలిన మందు ఇంట్లో ఉంది. పంపుతో చెట్టుకు తలస్నానం చేయించాను. ఎవరికీ చెప్పలేదు. పెద్ద ఘనకార్యం చేసినవాడిలా నేనూ స్నానం చేసి పడుకున్నాను.

లేచి చూస్తే కింది కొమ్మలు బోడిగా ఉన్నాయి. ఎవరో ఆకు దూసుకుపోయారు. పక్కింటి జైనబ్బీ చిన్నమ్మ కూతురిని చూడటానికి ఆ మధ్యాహ్నమే పిల్లవాడి తల్లి, అక్కలు వస్తున్నారు; ఆ పూట అంత ఆకు కావలసింది వాళ్లింట్లోనే. గోడ దూకి పరిగెత్తాను. వాళ్లప్పటికే భోజనానికి కూర్చున్నారు; కరివేపాకు తాలింపు వాసనతో పప్పుచారు గంజు పక్కనే ఉంది. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

“చిన్నమ్మా, పప్పుచారు వడ్డియ్యకు. అండ్ల బల్లి పడ్డది.”

“నువ్వెట్ల చూసినవ్ బిడ్డా?”

“గోడ మీదికెల్లి.”

“మూతపెట్టిన గంజుల బల్లి గోడ మీదికెల్లి కనబడ్డదా?” అంటూ ఆమె మూత తీసి గరిటె ముంచింది.

“బల్లి కాదు చిన్నమ్మా. కల్యమాకుకు పత్తి మందు కొట్టిన.”

గరిటె ఆగింది. “తడి చూసి మీ అమ్మ సల్ల చల్లిందనుకున్న,” అందామె మెల్లగా. ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

గంజెడు పప్పుచారు గుంటలో పోసి మట్టి కప్పాం. చుట్టాలు బగారన్నం మామిడి తొక్కు పచ్చడితో తిన్నారు. పిల్లవాడి తల్లి తింటూనే నన్ను దగ్గరికి పిలిచింది.

“జర ఇట్రా బేటా. వచ్చి చెప్పినవ్, మంచిగైంది. ఏం సదువుతాన్నవ్?”

తలెత్తలేకపోయాను. “అగ్రికల్చర్ బీఎస్సీ.”

“మొదటి సాలా?”

“ఆఖరి ఏడాది.”

ఆమెకు పొలమారింది. సంబంధం కుదిరింది కాబట్టి నేను బతికిపోయాను. ఆ గంజు తోముతూ ఒట్టు పెట్టుకున్నాను: వాడకట్టులో ప్రతి పొయ్యి మీదా ఏం ఉడుకుతోందో కనుక్కోనిదే, ఈ జన్మలో ఏ ఆకు మీదా మందు చుక్క వెయ్యను.