ఆరు కిలోల అవతల

మా తమ్ముడి మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు.

పలమనేరులో మా అమ్మకు ఉన్నది ఒక్కటే జెర్సీ ఆవు. మా జీతాలు ముట్టకుండా ఆమె ఇల్లు నడిపేది దాని పాలతోనే. బెంగళూరు ఉద్యోగాన్ని ఇంటి నుంచే చేసుకుంటున్న తమ్ముడికి ఉన్నట్టుండి ఆ ఆవు మీద ప్రేమ పుట్టింది. రోజు దాణాను మూడు కిలోల నుంచి కొద్దికొద్దిగా ఆరు దాకా పెంచి, పాలు కొలిచి, లాప్‌టాప్‌లో గ్రాఫు మీద చుక్కలు పెట్టాడు. పాలు పెరిగిన మాట నిజమే. చుక్కల మీదుగా గీత కూడా చక్కగా వచ్చింది. అయితే వాడు దాన్ని ఆరు దగ్గర ఆపలేదు, పన్నెండు దాకా లాగాడు.

"సూడక్కా, పన్నెండు కిలోలేసినామంటే క్యాన్లు సాలవు!"

నేను చిత్తూరు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఏటా పిల్లలకు చెప్పేదే వాడికీ చెప్పాను. "నువ్వు సూసింది ఆరు దాకానే. దాని అవతల ఏమైతాదో ఆ గీతకు తెలీదు. నేల విడిచి సాము చేయొద్దు."

"నీది పుస్తకాల భయం" అని నవ్వాడు.

అమ్మ కూడా తిట్టింది. "అది కడుపు నాయనా, గోనెసంచి కాదు."

వింటేగా! అమ్మ తిరుమలకు పోవడమే ఆలస్యం, గడ్డి తగ్గించి, పన్నెండు కిలోల దాణా ఒక్కసారిగా పెట్టేశాడు. గీతకు కడుపు సంగతి తెలియదు, సరే. వీడికి తెలియదా? ఆ ఆవు తల్లి పాలు తాగే కదా పెరిగాడు!

కబురు విని నేను చిత్తూరు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆవు పడిపోయి ఉంది. నెమరు లేదు, కడుపు ఉబ్బిపోయింది. "కడుపులో దాణా పులిసిపోయింది. ఇంత ఎవరేసినారు?" అని పశువుల డాక్టరు అరిచాడు. సూదులు వేశాడు, మందు పోశాడు. అమ్మ లడ్డూల సంచితో ఇంట్లోకి వచ్చేసరికి అంతా అయిపోయింది. కాళ్లైనా కడుక్కోకుండా దాని మెడ పట్టుకుని కూర్చుంది.

సాయంత్రం వాడు మళ్లీ లాప్‌టాప్ తెరిచాడు. బుద్ధి వచ్చి పన్నెండు దగ్గర ఆ చివరి చుక్క కూడా పెడతాడనుకున్నాను.

"ఇది లెక్కలో కలవని పాయింటక్కా. దీన్నొక్కటి తీసేస్తే గీత మళ్లీ బాగానే ఉండాది."

"ఏందో తీసేస్తానంటాండాడే, ఏందది?" అని అమ్మ నన్ను అడిగింది.

"నీ ఆవునే" అన్నాను. వాడి ముందే అన్నాను.