వంకర జేబు

కొట్టు తెరవగానే దర్జీ ముందుగా భార్యను మిషను పక్క కుర్చీలో కూర్చోబెడతాడు. తలకు దెబ్బ తగిలి, ఆపరేషనై, ఆమె ఇంటికొచ్చి ఏడాది కావస్తోంది. కుట్లు పడినచోట జుట్టింకా సరిగ్గా రాలేదు. అక్కడ నొప్పి తెలియకుండా తనే దువ్వుతాడు. ఒళ్లో బొత్తాల డబ్బా పెడితే తెల్లవీ నల్లవీ నెమ్మదిగా వేరుచేస్తుంది. ఒకప్పుడు ఆమె చూడందే ఈ కొట్లోంచి చొక్కా బయటికి వెళ్లేది కాదు. “కళ్లెక్కడ పెట్టుకుని కుట్టావయ్యా? విప్పు!” అని వీధి చివరికి వినబడేలా అరిచేది. ఇప్పుడు ఏది చూపించినా “బాగుంది” అంటుంది. ఆ తర్వాత రోజంతా మిషను చప్పుడే. “అదృష్టవంతుడివి బాబాయ్, మా ఇంట్లో ‘బాగుంది’ అన్న మాటే పుట్టదు” అని పక్క కొట్టు ఇస్త్రీ అతను వేళాకోళమాడితే, తనూ నవ్వి, సూదిలోకి దారం ఎక్కించే నెపంతో తల వంచుకుంటాడు.

ఆ తిట్టు మళ్లీ వినాలని రోజూ ఒక జేబు కావాలనే వంకరగా కుట్టి ఆమె ముందు పెడతాడు. “ఎలా ఉందే?” “బాగుంది.” ఆ కుట్టు విప్పేస్తాడు. నిన్న అలా విప్పుతుంటే, బల్లమీద మడతపెట్టి ఉన్న ఇంకో చొక్కాను ఆమె లాక్కుంది. కాలరును వేలితో తడిమి ముఖం చిట్లించింది. “కళ్లెక్కడ పెట్టుకుని కుట్టావయ్యా? విప్పు!”

దర్జీ టేపు పెట్టి చూశాడు. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. ఇంతలో ఆ చొక్కా తాలూకు మనిషి వచ్చి, “అయిపోయిందిగా, ఇచ్చెయ్” అన్నాడు.

“మా ఆవిడ ఒప్పుకోలేదండీ, రేపు రండి” అన్నాడు దర్జీ, ఆ చక్కటి కాలరు కుట్టు విప్పుతూ.