పైడి వాళ్ళింటి తాటాకులు

మా చిన్నప్పుడు బడిలో సేవ, దానం లాంటివి ఎవరూ నేర్పేవారు కాదని నిన్న మా మనవరాలు ఈ గ్రూపులోనే రాసింది... అది టీచరు. దాని లెక్కలో మేము ఎక్కాలు, పద్యాలు తప్ప ఏమీ ఎరగం. తప్పు తల్లీ. మాకూ నేర్పారు. ఎంత బాగా నేర్పారంటే, ఒక పిల్ల బడి మానేసింది.

అరవైల చివర... నేను ఎనిమిదో తరగతి. మాది భోగాపురం దగ్గర వ్యవసాయపు ఊరు. పెద్ద పరీక్షలు నెల రోజులున్నాయనగా సముద్రం ఒడ్డు జాలర్ల పేటలో నిప్పంటుకుని ఒక వరస ఇళ్ళన్నీ కాలిపోయాయి. తాటాకు ఇళ్ళు, సముద్రపు గాలి... ఇంకెంతసేపు.

ఆ పేట నుంచి మా తరగతికి వచ్చేది ఒక్కతే, పైడితల్లి. పైడి అనేవాళ్ళం. లెక్కల్లో ఎప్పుడూ నాకంటే ముందే ఉండేది. ఆ సంగతి నాకేమంత సంతోషంగా ఉండేది కాదు.

మా సోషల్ మాస్టారు మంచివారు. చిక్కంతా మంచివాళ్ళతోనే. నల్లబల్ల మీద 'దానం' అని పెద్ద అక్షరాలతో రాసి, ఇళ్ళు కాలినవాళ్ళకి తలా ఒక బట్ట తెమ్మన్నారు. నేను నా నీలం పరికిణీ తీసుకెళ్ళాను. మోకాలి దగ్గర చిరిగితే మా అమ్మ ఎర్రదారంతో కుట్టింది. ఊరంతా ఎరిగిన పరికిణీ.

మర్నాడు ప్రార్థన అయ్యాక, బడంతా వరసల్లో ఉండగా పైడిని ముందుకు పిలిచారు. వచ్చిన బట్టల్లోంచి ఆ పరికిణీ తీసి దాని చేతిలో పెట్టి మమ్మల్ని చప్పట్లు కొట్టమన్నారు. కొట్టాం. నేను పక్కపిల్లతో 'అది నాదే' అన్నాను... కొంచెం గట్టిగానే. పైడి విన్నది. ఆ మర్నాటి నుంచి బడికి రాలేదు.

ఇంట్లో నా గొప్ప చెప్పుకోబోతే, మా అమ్మ బియ్యం చెరుగుతున్న చేట ఆపింది.

"అందరూ ఆనవాలు కడతారని తెలిసే ఇచ్చినావా, తెలవకిచ్చినావా?"

తెలియక, అన్నాను. అబద్ధమని ఆవిడకి తెలుసు. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది... తిట్టినా బాగుండేది.

నాలుగు రోజులకి మాస్టారికీ కాలు నిలవలేదు. పరీక్ష తప్పితే ఆ పిల్ల నెత్తిన చేపల తట్ట పెట్టి ఊళ్ళమీదికి పంపేస్తారని ఆయనకి తెలుసు. మా అయ్య దగ్గరికొచ్చి ఏం చేస్తే బాగుంటుందని అడిగారు. మా అయ్య వేలిముద్ర మనిషి.

"బట్టలిచ్చినారు, బాగానే ఉన్నాది. ఆళ్ళకేటి కావాలో ఆళ్ళనడిగినారా మాస్టారూ?"

అడగలేదు. అంత చదువుకున్నవాళ్ళం, ఒక్కరికీ తట్టలేదు.

"వానలకి ముందు కప్పు పడాల. ఆళ్ళకి ఆకెక్కడిది, తాడిచెట్లన్నీ మన గట్లమీదే కదా," అన్నాడు.

మా పశువుల శాల కోసం కొట్టించి, ఎండబెట్టి, రాళ్ళకింద అణచిన తాటాకు పెరట్లో ఉంది. అందులో సగం బండికెత్తించాడు. ఓ మూల తడిస్తే గేదె చచ్చిపోదులే, అన్నాడు. మరో నాలుగిళ్ళలోనూ అడిగి, ఆదివారం పొద్దున్నే తరగతి పిల్లలమంతా బండ్ల వెనక నడిచాం. ఇసక దగ్గర బండ్లు దిగబడితే మోపులు నెత్తికెత్తుకున్నాం. తాటిమట్ట అంచు రంపమని అరచేతులు తెగాకే తెలిసింది.

పైడి వాళ్ళమ్మ కాలిన గోడల మీద కర్రలు కడుతోంది. పైడి మమ్మల్ని చూసి అటు తిరిగిపోయింది. మోపులు దించాం. వాళ్ళమ్మ పందిరి కిందకి వెళ్ళి, దోసిట్లో ఎండు నెత్తళ్ళు తెచ్చి నా ముందుకు చాపింది. ఇల్లు కాలినవాళ్ళ దగ్గర పుచ్చుకోవడమేమిటని, బడిలో నేర్పిన మర్యాదతో వద్దన్నాను.

"వద్దా? అయితే నీ ఆకులు నువ్వట్టుకెలిపో. ఊరికినే తీసుకోడానికి మేవేటి ముష్టోళ్ళమా?"

పైడి ఇంటి కప్పు, పైడి పరీక్ష, రెండూ వచ్చి ఆ చేపల దగ్గర ఆగాయి... పెట్టుకోడానికి నా దగ్గర గిన్నె లేదు, గుడ్డ లేదు. కట్టుకున్న పరికిణీ కుచ్చిళ్ళే చాపాను. ఆవిడ అందులో పోసింది.

అప్పుడు ఇటు తిరిగింది పైడి.

"వారం రోజులు కంపు కొడతాదే నీ పరికిణీ."

"కొట్టనీ."

"నువ్విచ్చింది మా సెల్లికి ఉయ్యాల కట్టినాం. గట్టి గుడ్డే," అంది.

సోమవారం బడికొచ్చింది. పెద్ద పరీక్షల్లోనూ లెక్కల్లో నాకంటే ముందే... మా గేదె ఆకుల కింద కూర్చుని చదివి.

ఇప్పుడు సేవకి పీరియడుంది, మార్కులున్నాయి, ఫోటోలున్నాయి. ఇచ్చేవాళ్ళంతా కెమెరా వంక చూస్తారు, పుచ్చుకునేవాళ్ళు మరెటో చూస్తారు. మీ బడుల్లో ఎలా నేర్పారో రాయండి... ఇచ్చినదే కాదు, పుచ్చుకుని వచ్చింది కూడా రాయండి.

ఇక నీకు, మనవరాలా. శనివారం పిల్లల్ని తీసుకుని ఆ ఒడ్డునే దుప్పట్లు పంచబోతున్నావట. శుక్రవారం ఒక్కదానివే వెళ్ళి, ఏం కావాలో అడిగిరా. శనివారం ఫోటోలు తీసేవాళ్ళు వద్దు. మన వంటింటి అటక మీద మూతున్న స్టీలు క్యాను ఉంది. దింపి, శుభ్రంగా తోమి, ఖాళీదే పట్టుకెళ్ళు.