ఆము నదికి ఏది అవతల?

నా చిన్నప్పుడు నేను గీసిన పటం ఒకటి తప్పని, దాన్ని బడి గోడ మీదికి ఎక్కనివ్వలేదు. ఆ తప్పు ఎలా జరిగిందో అప్పుడే వరుసగా రాసి పెట్టుకున్నాను. అందుకే ఈనాడు మా ద్వీపనగరంలోని యీషున్ పేటలో, ఫ్లాటులో కూర్చుని కూడా ఏదీ కల్పించకుండా చెప్పగలను.

మధ్య ఆసియాలో ఆము దర్యా అనే నది పామీర్ కొండల నుంచి దిగి అరల్ సముద్రంలో కలిసేది. ఇప్పుడు దారిలోనే ఇసుకలో ఇంకిపోతోందట. దానికీ, ఉత్తరాన ఉన్న సిర్ దర్యాకూ నడుమ ఉన్న నేలను అరబ్బులూ పాశ్చాత్యులూ ఎవరి భాషలో వారు ఒకే అర్థంతో పిలిచారు: నదికి అవతలి దేశం. మా టీచరు ఆ అర్థాన్ని మాత్రమే బోర్డు మీద రాసి, ఆ దేశానికి ఆకుపచ్చ రంగు వేసుకురమ్మన్నారు. మంచి పటాలను తల్లిదండ్రులు వచ్చే రోజున గోడకు పెడతామన్నారు.

నేను పద్ధతిగానే ఆలోచించాను. పటంలో పెద్ద అక్షరాలతో కనిపించిన ఊరు సమర్‌ఖండ్. దాని మీద వేలుంచి, దక్షిణానికి జరిపి, నది దాటించాను. దాటాక వచ్చినదంతా ఆకుపచ్చ చేశాను. టీచరు ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి, సోమవారానికి మళ్ళీ గీయకపోతే గోడ మీద నా చోటు ఇంకొకరికి ఇస్తామన్నారు. నాకు ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చింది. తమ ఊళ్ళో తామున్న సమర్‌ఖండ్ వాళ్ళు అవతలివాళ్ళు ఎలా అవుతారు?

ఓడరేవులో పనిచేసే మా తాతయ్య నా వాదనంతా విన్నాడు. ఆదివారం పొద్దున్నే మా ద్వీపపు ఉత్తర తీరానికి తీసుకెళ్ళి, జలసంధికి అటువైపు చూపించాడు.

"అదేటమ్మా?"

"సెబరాంగ్," అన్నాను. అవతలి ఒడ్డున ఉన్న జొహోర్‌ను మేమంతా 'అవతలి ఒడ్డు' అనే అర్థమున్న ఆ మలయ్ మాటతోనే పిలిచేవాళ్ళం.

జలసంధికి అడ్డంగా కట్టిన కాజ్‌వే రోడ్డు మీదుగా బస్సులో అటు వెళ్ళాం. టీకొట్టు పెద్దాయన గ్లాసు అందిస్తూ, సెబరాంగ్ నుంచి వచ్చావా పాపా అని మలయ్‌లో అడిగాడు. "కాదు, సెబరాంగ్ ఇదే!" అన్నాను పౌరుషంగా.

తాతయ్యకు నవ్వుతో టీ పొలమారింది. "కొట్టూ ఆయనదే, ఒడ్డూ ఆయనదే. ఇక్కడ నువ్వే సెబరాంగ్‌దానివి. ఆయనక్కూడా ఎర్రసిరా కొట్టేస్తావేటి?"

తిరుగుప్రయాణమంతా నాకు తల తిరిగిపోయింది. ఇద్దరిదీ ఒప్పయితే రంగు ఎటు వేయాలి?

"ఆ పేరెట్టినోడు ఏ ఒడ్డున నిలబడ్డాడో ముందు కనుక్కో. రంగు తరవాత," అన్నాడు తాతయ్య.

ఇంటికొచ్చి చరిత్ర పుస్తకం తిరగేశాను. అరబ్బు సేనలు దక్షిణం నుంచి వచ్చాయి. నది ఒడ్డున ఆగి, ఎదురుగా కనిపించిన నేలకు ఆ పేరు పెట్టాయి. కొత్త పటంలో ఉత్తరానికి రంగు వేశాను. దక్షిణపు ఒడ్డున ఒక చిన్న మనిషిని గీసి, 'ఇతనికి మాత్రమే అవతల' అని రాశాను. టీచరు దాన్ని మార్కు వేయకుండానే గోడకు పెట్టారు.

ఆనాటి నుంచి ఎవరైనా ఇంకొకరిని అవతలివాళ్ళంటే, అన్నవారి కాళ్ళు ఎక్కడున్నాయో చూడనిదే ఆ మాట నమ్మను. ఇంతకీ ఆ కాలంలో సమర్‌ఖండ్‌లో నా ఈడు పిల్ల తన నేలను ఏమనేది? పుస్తకాలు సొగ్ద్ అంటాయి. అది ఆ పిల్ల నోటి మాటో, మరో ఒడ్డు నుంచి ఎవరో పెట్టినదో నాకు ఇప్పటికీ తేలలేదు.