బచ్చప్ప రాసిన బిళ్ల నంబర్లు

"...రాసింది నువ్వు, గీకేదీ నువ్వే. మధ్యలో మేము ఎవరమప్పా నీకి?" నారాయణమ్మ గొంతు టీ కొట్టు దాకా వినిపిస్తోంది. "నా మొగుడు పోతా పోతా ఇంట్లో వదిలింది ఆ నెంబరు ఒగటే. ఇంగ దాన్నీ తీసేస్తాండావు."

"తీసేమనింది నేను కాదమ్మా, స్టేషన్‌వాళ్లు."

"బ్లేడు ఎవురి చేతిలో ఉండాది?"

బచ్చప్ప ఆమె మనవడి స్కూటరు ముందు గొంతుకూచుని, నంబరు ప్లేటు మూలకి థిన్నరు గుడ్డ అద్ది, గీకుతూనే ఉన్నాడు. పక్కన కుర్చీ వేసుకున్న కానిస్టేబులు ఫోను చూసుకుంటున్నాడు.

డెన్నిస్ టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. అతని బైకు కూడా ఆ వరసలోనే ఉంది. దాని ప్లేటు మూలలోనూ నల్లటి గడిలో చిన్న తెల్లటి అంకెలున్నాయి. చనిపోయిన తండ్రి జేవియర్‌ది ఆ నంబరు. దాని మీద బ్లేడు పెడితే బచ్చప్ప చెయ్యి విరగ్గొడతానని పొద్దున వాళ్లమ్మ సెలీన్‌తో అని మరీ వచ్చాడు. "విరగ్గొట్టి?" అని మాత్రం అడిగింది ఆవిడ. అప్పట్నుంచీ ఆ మాట డెన్నిస్‌ని గుచ్చుతూనే ఉంది.

బచ్చప్పని ఎరగనివాడు గని కూలీలుండే ఆ లైన్ల ఇళ్లలో లేడు. తాత పలమనేరు వైపు నుంచి బంగారు గనికి కూలికొచ్చాడు. తాతా తండ్రీ ఇద్దరూ లోపలికి దిగినవాళ్లే. బచ్చప్పకి చిన్నప్పుడే కాలు వంకరపోయింది కాబట్టి పైనే పెయింటరు పని ఇచ్చారు. గని నోటి దగ్గర బిళ్లల గది ఒకటుండేది. గోడ నిండా చెక్క పలక, దానికి వరసగా కొక్కేలు, ప్రతి కొక్కెం పైనా ఒక నంబరు. కూలివాడు లోపలికి దిగేముందు తన ఇత్తడి బిళ్లని తన నంబరు కింద తగిలించాలి, పైకొచ్చాక తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక కూడా బిళ్ల కొక్కేనికే వేలాడుతోందంటే ఆ ఇంటి ఆడవాళ్లు గేటు దగ్గరికి పరిగెత్తేవారు.

ఆ నంబర్లు రాయడమే బచ్చప్ప పని. కూలివాడు చస్తే అతని నంబరు కొత్తవాడికి ఇచ్చేవారు. కానీ చచ్చినవాడి అంకెల కింద బిళ్ల తగిలించడానికి కొత్తవాడెవడూ ఒప్పుకునేవాడు కాదు. అందుకని పాత అంకెలు చెక్క కనబడేదాకా గీకి, అదే నంబరు మళ్లీ తాజాగా రాయాలి. ఒకరోజు లోపల బండ పగిలి బచ్చప్ప తండ్రి బిళ్ల కొక్కేనికే ఉండిపోయింది. కర్మ అయిన వారానికి ఆ నంబరుకి కొత్త కూలివాడు వచ్చాడు. గీకిందీ రాసిందీ బచ్చప్పే. వేరే పెయింటరు ఎక్కడున్నాడు గనుక?

తర్వాత గని మూసేశారు. లెక్కలు తేల్చేటప్పుడు బిళ్లలు వాపసు తీసుకున్నారు, ఇత్తడి కదా. నంబర్ల పలకని ఎవరో పొయ్యిలోకి కొనుక్కుపోయారు. మగవాళ్లు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయి మొగసాలల్లో కాపలా కాయడం నేర్చుకున్నారు. బచ్చప్ప రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టుకుని బళ్లకి నంబరు ప్లేట్లు రాయడం మొదలుపెట్టాడు.

మొదట అడిగినవాడు హనుమంతప్ప కొడుకు మునేష్. టెంపో కొన్న రోజు, మూలలో వాళ్ల నాయన బిళ్ల నంబరు కూడా చిన్నగా వెయ్యమన్నాడు. బచ్చప్ప పలక మీద రాసినట్టే రాశాడు, అదే నలుపు, అదే తెలుపు. అది చూసి ఇంకొకడు అడిగాడు, వాణ్ని చూసి మరొకడు. కొన్నాళ్లకి అదే ఆచారమైపోయింది. కొత్త బండి కొంటే హిందువులు కురుడుమలె వినాయకుడి దగ్గరికీ, క్రైస్తవులు ఫాదరు దగ్గరికీ తీసుకుపోయే ముందు బచ్చప్ప టార్పాలిన్ దగ్గర ఆపేవారు.

అలాంటి ఊరికి కెమెరాలొచ్చాయి. లైన్లలో కుళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియదు. గాలి లేస్తే గని వదిలేసిన సైనైడు దిబ్బల దుమ్ము అన్నంలో పడుతుంది. వాటికి లేని డబ్బు, బళ్ల నంబర్లు వాటంతటవే చదివే కెమెరాలకి దొరికింది. ఊరి సొమ్ముతో కొని పోలీసుల చేతికిచ్చారు. స్తంభానికి పూలదండ వేసి, టెంకాయ కొట్టి, ఇకమీదట దొంగ అనేవాడు ఈ ఊళ్లో అడుగు పెట్టలేడని ఒక పెద్దమనిషి మైకులో చెప్పాడు. పెట్టి ఏం ఎత్తుకుపోతాడని డెన్నిస్ పక్కవాణ్ని అడిగాడు. ఎత్తుకుపోవలసిందంతా ఎప్పుడో ఎత్తుకుపోయారు.

కెమెరా మొదట పట్టింది మునేష్‌నే. బూదికోట నుంచి కోలారు మార్కెట్‌కి టమాటా లోడు వేసుకుని పోతున్నాడు. మూలలో ఉన్న బిళ్ల అంకెని కెమెరా బండి నంబరులో కలిపేసి చదివింది. అలా చదివిన నంబరు ఎక్కడో దొంగిలించిన బండిది. టెంపోని స్టేషనుకి తోలించారు. అది మా నాయన నెంబరు సామీ అని మునేష్ మొత్తుకుంటే, మీ నాయన పేరు మీద ఇంకో బండి ఉందా అని అడిగారట.

మునేష్ పెళ్లాం సౌభాగ్య బచ్చప్ప దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. అది నువ్వు రాసిందేనని వచ్చి ఒక మాట చెప్పు మామా అంది. బచ్చప్ప వెళ్లి చెప్పాడు. ఇలా ఇంకెన్ని బళ్లకి రాశావని అడిగాడు అక్కడి అధికారి.

"ఊర్లో సగం బండ్లకి నేనే రాసినాను సార్," అన్నాడు బచ్చప్ప. కొంచెం నిటారుగా నిలబడి మరీ అన్నాడట.

కొంప ముంచింది ఆ మాటే. మునేష్‌ని మర్నాడు వదిలేశారు, చెంప వాచి వచ్చాడు. టెంపోని మాత్రం వదల్లేదు. ఊళ్లో ఆఖరి బిళ్ల నంబరు దాకా బచ్చప్పే గీకాలి, అప్పుడే బండి ఇస్తామన్నారు. గీకించుకోని బండి కనబడితే అక్కడికక్కడే పట్టుకుపోతామని చెప్పారు. స్టేషన్ ఆవరణలో టమాటాలు కుళ్లి, టెంపో కింద ఎర్రటి రసం పారి ఎండిపోయింది. మునేష్‌కి లోడు ఇచ్చే రైతులు వేరే బండి చూసుకున్నారు.

డెన్నిస్ బైకు వంతు వచ్చింది.

"మా నాయన నెంబరు మీద చెయ్యి పెట్టొద్దు మామా."

"పెట్టకుంటే మునేష్ బండి రాదప్పా."

"ఆ పొద్దు స్టేషన్‌లో అంత గొప్ప పోకుంటే ఇంతదాకా వచ్చునా? ఒగ బండికి రాసినానని చెప్పింటే ఆడికే అయిపోవును కదా."

బచ్చప్ప బ్లేడుకి అంటిన పెయింటు తుడుచుకున్నాడు. "పోయినాను, నిజమే. ఇన్నేండ్లలో ఎంత రాసినావు బచ్చప్పా అని నన్ను ఒగరు అడిగిందే లేదు. పోలీసాయన అడిగినాడు. చెప్పేస్తిని."

డెన్నిస్ ఆ చెయ్యి విరగ్గొట్టలేదు. బైకుని స్టాండు వేసి పక్కకి జరిగాడు. ముందు తెలుపు లేచింది, తర్వాత నలుపు చుట్టలు చుట్టుకుని రోడ్డు మీద పడింది. కింద రేకు మెరిసింది. గని దుమ్ముకి దగ్గి దగ్గి పోయిన తండ్రి తాలూకు మిగిలింది అంతే, గాలికి కొంచెం దొర్లి మురుగులో పడింది. అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. స్తంభం మీది కెమెరా మాత్రం అటే చూస్తోంది.

ఎండ వాలేసరికి వరస అయిపోయింది. రోడ్డుకి అవతల సౌభాగ్య టెంపో తాళం చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. కానిస్టేబులు లేచి ఒళ్లు విరుచుకున్నాడు. అన్నీ అయినట్టేనా అని కన్నడంలో అడిగి, టార్పాలిన్ కింద ఆనించి ఉన్న బచ్చప్ప మోపెడ్ వైపు గడ్డంతో చూపించాడు. దాని ప్లేటు మూలలోనూ నల్లటి గడి ఉంది.

బచ్చప్ప మోపెడ్ ముందు కూచున్నాడు. థిన్నరు అద్దాడు, బ్లేడు ఆనించాడు. అది కదల్లేదు. సౌభాగ్య రోడ్డు దాటి ఇవతలికి వచ్చి నిలబడింది. నారాయణమ్మ కూడా ఇంకా వెళ్లలేదు.

కాసేపటికి బచ్చప్ప మోకాలు పట్టుకుని లేచి, కుంటుకుంటూ డెన్నిస్ దగ్గరికి వచ్చాడు. బ్లేడు పిడిని అతని వైపు తిప్పి చాచాడు.

"మా నాయన నెంబరు ఒగసారి ఈ చేత్తోనే గీకినాను డెన్నిసూ. ఇంగోసారి నాతో కాదు. నువ్వు గీకెయ్యప్పా. మెల్లిగా గీకు."